చోటు చెప్పే అంకె, వేగం చెప్పే అంకె

అరచేతిలో ఇమిడే జీపీఎస్ పరికరం ఆరుబయట నిలిచిన మనిషికి తాను భూమి మీద ఎక్కడ ఉన్నదీ, ఎంత ఎత్తున ఉన్నదీ, ఎంత వేగంతో ఎటు కదులుతున్నదీ చెబుతుంది. ఇవన్నీ ఒకే తెర మీద, ఒకే తీరు అంకెలతో కనిపిస్తాయి కాబట్టి అన్నిటినీ ఒకే మోతాదులో నమ్మవచ్చునని వాడేవారు అనుకోవడం సహజమే గాని, వాటి కచ్చితత్వాల మధ్య చాలా తేడా ఉంది. చోటు విషయంలో నాలుగైదు మీటర్లు తప్పగల పరికరమే వేగం విషయంలో సెకనుకు కొన్ని సెంటీమీటర్లకు మించి తప్పదు. ఎత్తు విషయంలో మాత్రం అదే పరికరం పది మీటర్ల దాకా పొరబడవచ్చు. ఏ అంకెను ఏ పనికి ఎంతవరకు నమ్మాలో తెలుసుకోవడమే ఈ పరికరాన్ని వాడడం నేర్చుకోవడంలో ముఖ్యమైన భాగం, మిగిలినదంతా మీటలు నొక్కడమే.

ఈ తేడాలను పరిశీలించడానికి మైలవరం, నందిగామ, జగ్గయ్యపేటల మెట్ట ప్రాంతం చాలా అనువైనది. 2022 ఏప్రిల్ 4 వరకు కృష్ణా జిల్లాలోనూ, ఆ తర్వాత ఎన్టీఆర్ జిల్లాలోనూ ఉన్న ఈ సీమలో హైదరాబాదు నుంచి విజయవాడకు వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి జగ్గయ్యపేట, నందిగామల మీదుగా సాగుతుంది. ఇబ్రహీంపట్నం దగ్గర చీలిన 30వ నంబరు రహదారి మైలవరం, తిరువూరుల మీదుగా భద్రాచలం వైపు పోతుంది. రెండు రహదారుల నడుమ కొండపల్లి అడవి, సున్నపురాయి గనులు, మున్నేటి పరీవాహక భూములు ఉన్నాయి. రాష్ట్రంలో భూముల రీసర్వేకు ప్రారంభోత్సవం జరిగిన తక్కెళ్లపాడు కూడా జగ్గయ్యపేట మండలంలోనిదే. వేగం కొలిచే రోడ్డు, చోటు వెతికే అడవి, హద్దు తేల్చవలసిన పొలం, మూడూ ఇక్కడ ఒకదానికొకటి గంట ప్రయాణంలో ఉన్నాయి.

జీపీఎస్ అమెరికా రక్షణ శాఖ నిర్మించి నడుపుతున్న వ్యవస్థ. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున, పన్నెండు గంటలకు కొద్దిగా తక్కువ సమయంలో ఒక్కో చుట్టు తిరిగే ఉపగ్రహాలు దీనికి ఆధారం. కనీసం 24 ఉండాలన్నది మొదటి లెక్క కాగా, ఇప్పుడు ముప్పైకి పైగా పనిచేస్తున్నాయి. ప్రతి ఉపగ్రహంలోనూ పరమాణు గడియారం, అంటే పరమాణువుల కంపనాలను లెక్కపెట్టి కాలాన్ని కొలిచే అతి సూక్ష్మమైన గడియారం ఉంటుంది. తాను ఉన్న చోటునూ, సంకేతం బయలుదేరిన క్షణాన్నీ ఉపగ్రహం నిరంతరం ప్రసారం చేస్తూ ఉంటే, చేతిలోని పరికరం ఆ సంకేతం తనను చేరడానికి పట్టిన కాలాన్ని కాంతి వేగంతో గుణించి దూరాన్ని తెలుసుకుంటుంది. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే చోటు తేలిపోవాలి గాని, పరికరంలో ఉండే గడియారం చవకబారుది కనుక దాని తప్పును కూడా ఒక తెలియని రాశిగా లెక్కలోకి తీసుకోవలసి వస్తుంది. అందుకే నాలుగో ఉపగ్రహం తప్పనిసరి. కాలంలో సెకనుకు పది లక్షల వంతు తేడా వస్తే దూరంలో 300 మీటర్లు తేడా వస్తుంది. ఉపగ్రహాల వేగం వాటి గడియారాలను కొంత నెమ్మదింపజేసినా, భూమ్యాకర్షణ అక్కడ తక్కువగా ఉండడం వల్ల మొత్తం మీద అవి నేల మీది గడియారాల కన్నా రోజుకు సెకనులో పది లక్షల వంతులు 38 చొప్పున ముందుకు నడుస్తాయి. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం చెప్పిన ఈ తేడాను ముందే సరిదిద్దకపోతే ఒక్క రోజులోనే దూరాల లెక్క పది కిలోమీటర్లకు పైగా తప్పిపోయేది.

ఇంత జాగ్రత్త తీసుకున్నా మిగిలే తప్పులకు కారణాలు చాలావరకు దారిలోనే ఉన్నాయి. సూర్యరశ్మి వల్ల విద్యుదావేశం పొందిన పై వాతావరణపు పొరను అయనోవరణం అంటారు. సంకేతం దాని గుండా వచ్చేటప్పుడు ఆలస్యమవుతుంది. భూ అయస్కాంత మధ్యరేఖ భారతదేశపు దక్షిణపు కొస మీదుగా పోవడం వల్ల దక్షిణాది ఆకాశంలో ఈ పొర చురుగ్గా ఉంటుంది. మధ్యాహ్నం వేళ ఆలస్యం పెరగడం, పొద్దుగూకాక కొన్ని రాత్రులు సంకేతం మిణుకుమిణుకుమనడం ఇక్కడ మామూలే. రెండో కారణం ప్రతిధ్వని వంటి ప్రతిఫలనం: గని గోడలకో, థర్మల్ కేంద్రపు శీతలీకరణ గోపురాలకో, ఎత్తైన భవనాలకో తగిలి చుట్టు తిరిగి వచ్చిన సంకేతాన్ని పరికరం నేరుగా వచ్చినదిగా పొరబడుతుంది. కొండపల్లి అడవిలో చెట్ల ఆకులు తడిసి దట్టంగా ఉన్న వానాకాలంలో సంకేతం బలహీనపడుతుంది. ఆకులు రాలిన వేసవిలో అదే చోట అదే పరికరం మెరుగ్గా పనిచేస్తుంది. మొత్తం మీద, ఆకాశం బాగా కనిపించే చోట మూడు నుంచి ఐదు మీటర్లు, చెట్ల కింద పది మీటర్లు తేడా రావచ్చునని వాడేవారు మనసులో ఉంచుకోవాలి.

చేతి పరికరాల చరిత్ర 1989లో అమెరికాలో మెగెల్లాన్ సంస్థ అమ్మకానికి తెచ్చిన నావ్ 1000తో మొదలైంది. అయితే అప్పట్లో సైనికేతరులకు అందే సంకేతంలో అమెరికా ప్రభుత్వం కావాలనే కొంత తప్పును కలిపేది. సెలెక్టివ్ అవైలబిలిటీ అని పిలిచిన ఈ ఏర్పాటు వల్ల చోటు వంద మీటర్ల దాకా అటూ ఇటూ అయ్యేది. 2000 మే 1న అధ్యక్షుడు బిల్ క్లింటన్ దీన్ని ఆపివేయాలని ఆదేశించగా, ఆ రాత్రికే ప్రపంచంలోని జీపీఎస్ పరికరాలన్నీ ఏ మార్పూ చేయకుండానే ఒక్కసారిగా మెరుగైపోయాయి. ఆ మెరుగుదలను పరీక్షించాలన్న కోరికతో డేవ్ ఉల్మర్ అనే కంప్యూటరు నిపుణుడు మే 3న ఒరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర అడవి అంచున ఒక బకెట్టులో పుస్తకాలు, సాఫ్ట్‌వేరు, ఒక ఉండేలు వంటి వస్తువులు పెట్టి, దాని అక్షాంశ రేఖాంశాలను మాత్రం లోకానికి ప్రకటించాడు. వాటి ఆధారంగా ఇతరులు వచ్చి దాన్ని కనుక్కున్నారు. ఆ నెలాఖరులోనే మ్యాట్ స్టమ్ సూచించిన జియోకాషింగ్ అన్న పేరు ఈ ఆటకు స్థిరపడింది. నేడు ప్రపంచమంతటా దాచి ఉన్న ఇలాంటి డబ్బాల సంఖ్య ముప్పై లక్షలు దాటింది.

ఆట నియమాలు తేలికైనవి. నీరు చొరని డబ్బాలో ఒక చిన్న పుస్తకం ఉంటుంది. కనుక్కున్నవారు అందులో పేరు, తేదీ రాసి, డబ్బాను ఉన్నచోటే ఉన్నట్టుగా ఉంచి వెళ్లాలి. లోపలి వస్తువుల్లో ఏదైనా తీసుకుంటే దానికి సమానమైనదో, అంతకన్నా విలువైనదో అక్కడ పెట్టాలి. గొయ్యి తవ్వి పాతిపెట్టకూడదు, స్థల యజమాని అనుమతి ఉండాలి, ఒక డబ్బాకూ మరొక డబ్బాకూ మధ్య కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి. ఈ చివరి నియమం పరికరపు స్వభావాన్ని గమనించి పెట్టుకున్నట్టుగా ఉంటుంది, ఎందుకంటే దాచినవారి పరికరం ఐదు మీటర్లు, వెతికేవారి పరికరం ఐదు మీటర్లు తప్పినా ఒక డబ్బాను మరొకటిగా పొరబడే వీలుండదు. అనుభవం ఉన్న ఆటగాళ్లు గమ్యం పది మీటర్ల దూరంలోకి వచ్చాక తెర వైపు చూడడం తగ్గిస్తారు. ఆ దూరంలో బాణం గుర్తు అటూ ఇటూ తిరగడం మొదలవుతుంది. అక్కడి నుంచి చెట్టు తొర్రలను, రాళ్ల సందులను కళ్లతో వెతకడమే పని.

ఈ ఆటలో చోటును డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వెయ్యో వంతులుగా రాస్తారు. మైలవరం దగ్గర అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే నేల మీద సుమారు 110.7 కిలోమీటర్లు, రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కనుక తూర్పు పడమరలుగా ఒక డిగ్రీ సుమారు 106.6 కిలోమీటర్లే. ఈ లెక్కన నిమిషంలో వెయ్యో వంతు దాదాపు 1.8 మీటర్లు. అంటే తెర మీది చివరి అంకె పరికరం తప్పగల దూరం కన్నా చిన్నది. అది మారుతూ ఉంటే పరికరం చెడిపోయిందని అనుకోనక్కరలేదు. కొత్తవారు ఎక్కువగా పొరబడేది రాసే పద్ధతి దగ్గర. 45.500 నిమిషాలు అంటే 45 నిమిషాల 30 సెకన్లు. దాన్ని 45 నిమిషాల 50 సెకన్లుగా చదివి పరికరంలో ఎక్కిస్తే గమ్యం 600 మీటర్లకు పైగా జరిగిపోతుంది. నందిగామలో ఒక వీధిలో వెతకవలసింది ఊరవతల చేలల్లో వెతుకుతారు.

అంతకన్నా లోతైన మరో చిక్కు మన దేశపు పాత పటాల నుంచి వస్తుంది. అక్షాంశ రేఖాంశాలు భూమి ఆకారాన్ని ఒక గణిత గోళంగా ఊహించుకుని గీసినవి. ఆ గోళాన్ని ఎంత పరిమాణంలో ఊహించారు, ఎక్కడ ఆనించారు అన్నదాన్ని బట్టి ఒకే రాయికి వేరు వేరు అంకెలు వస్తాయి. జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే గోళం. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో పటాలు 1830 నాటి ఎవరెస్ట్ గోళం మీద గీసినవి. ఆ గోళాన్ని నిర్ణయించిన జార్జ్ ఎవరెస్ట్‌కు ఈ నేలతో దగ్గరి సంబంధమే ఉంది: 1818లో దేశపు త్రిభుజాల సర్వేను నడిపిస్తున్న విలియం లాంబ్టన్‌కు ప్రధాన సహాయకుడిగా చేరిన ఆయన తొలి ఏళ్లలో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో త్రిభుజాలు కొలుస్తూ జ్వరాల పాలై, 1820లో ఆరోగ్యం కోసం దక్షిణాఫ్రికా కొసన ఉన్న కేప్‌కు వెళ్లవలసి వచ్చింది. ఆ పాత పటంలో చూసిన అంకెలను మార్చకుండా జీపీఎస్‌లో ఎక్కిస్తే ఈ ప్రాంతంలో వంద మీటర్లకు పైగా తేడా వస్తుంది. 2005 నాటి జాతీయ పటాల విధానం తర్వాత ప్రజలకు విడుదలైన ఓపెన్ సిరీస్ పటాలు డబ్ల్యూజీఎస్ 84 మీదే ఉన్నాయి కాబట్టి వాటితో ఈ ఇబ్బంది లేదు.

డబ్బా ఏదీ అక్కరలేని వెతుకులాట కూడా ఒకటి ఉంది. అక్షాంశ రేఖాంశాలు రెండూ పూర్ణ డిగ్రీల్లో కలిసే బిందువులన్నిటికీ వెళ్లి ఫొటో తీసే డిగ్రీ కాన్‌ఫ్లుయెన్స్ ప్రాజెక్టును 1996లో అమెరికాకు చెందిన అలెక్స్ జారెట్ మొదలుపెట్టాడు. 17 డిగ్రీల ఉత్తర అక్షాంశమూ 80 డిగ్రీల తూర్పు రేఖాంశమూ కలిసే బిందువు కోదాడకు తూర్పున కొద్ది దూరంలో పడుతుంది. జగ్గయ్యపేట నుంచి నేరు దూరం పదిహేను పదహారు కిలోమీటర్లే. నిమిషాల స్థానంలో రెండు వరసలూ సున్నాలుగా నిలిచేలా అక్కడ పరికరాన్ని పట్టుకోవాలని ప్రయత్నించినవారికి జీపీఎస్ తప్పు ఎంతటిదో ఏ పాఠ్యపుస్తకమూ చెప్పనంత స్పష్టంగా తెలుస్తుంది. సున్నాలు కనిపిస్తాయి, మనిషి కదలకపోయినా కొద్ది సెకన్లలో మారిపోతాయి, రెండు అడుగులు వేస్తే మళ్లీ వస్తాయి. పాఠశాల విద్యార్థులను అక్షాంశ రేఖాంశాల పాఠం కోసం తీసుకువెళ్లడానికి దీనికి మించిన చోటు ఈ చుట్టుపక్కల లేదు.

ఈ సీమలో డబ్బాలు దాచే ఆట ఆడదలచినవారు మాత్రం కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. 14వ శతాబ్దపు రెడ్డి రాజుల కాలం నాటి కొండపల్లి కోట, 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వకాలు జరిపిన జగ్గయ్యపేట ధనంబోడు బౌద్ధ స్తూపం వంటి చోట్ల రాయి కదిలించడం కూడా తప్పే. అడవిలోకి వెళ్లడానికి అటవీ శాఖ అనుమతి కావాలి. రైల్వే స్టేషన్ల దగ్గర, వంతెనల కింద, గుళ్ల దగ్గర ఎవరిదో తెలియని మూత డబ్బా కనిపిస్తే పోలీసులు అనుమానించడం న్యాయమే. ఇలాంటి చోట్లకు ఎర్త్‌కాష్ అనే పద్ధతి చక్కగా సరిపోతుంది. జియలాజికల్ సొసైటీ ఆఫ్ అమెరికా ఆధ్వర్యంలో 2004లో మొదలైన ఈ పద్ధతిలో డబ్బా ఉండదు. ఇచ్చిన చోటికి వెళ్లి అక్కడి నేల గురించి అడిగిన ప్రశ్నలకు చూసి జవాబు చెప్పాలి. జగ్గయ్యపేట దగ్గర పొరలు పొరలుగా బయటపడే సున్నపురాయి కోట్ల ఏళ్ల నాడు అక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేదని చెబుతుంది. అక్కడికి కొన్ని పదుల కిలోమీటర్ల దూరంలోనే ఉన్న కొండపల్లి కొండలు భూగర్భంలో శిలాద్రవం చల్లబడి ఏర్పడినవి, వాటిలో క్రోమైటు ఖనిజం ఉంది. ఒక్క పూటలో సముద్రపు అడుగునూ భూగర్భపు లోతునూ చూపగల ఇటువంటి భూమి చాలా జిల్లాలకు లేదు. కొండపల్లి బొమ్మలకు కావలసిన తెల్లపొణికి చెట్లు ఎక్కడెక్కడ మిగిలాయో నమోదు చేసి కాపాడడానికి కూడా ఈ చేతి పరికరమే చాలు, ఎందుకంటే చెట్టును మళ్లీ గుర్తుపట్టడానికి ఐదు మీటర్ల తప్పు అడ్డురాదు.

ఇక వేగం సంగతి. వేగాన్ని పరికరం రెండు చోట్ల మధ్య దూరాన్ని కాలంతో భాగించి కనుక్కుంటుందని చాలామంది అనుకుంటారు. అలా చేస్తే ఏమవుతుందో లెక్క వేయవచ్చు: ఒక సెకను తేడాతో తీసుకున్న రెండు చోట్లలో ఐదు మీటర్ల తప్పు ఉంటే వేగంలో గంటకు 18 కిలోమీటర్ల తప్పు వస్తుంది, నిలిచి ఉన్న బండి కూడా సైకిలు వేగంతో పోతున్నట్టు కనిపిస్తుంది. వాస్తవంలో అలా జరగకపోవడానికి కారణం వేగాన్ని కొలిచే దారి వేరు కావడం. కొండపల్లి స్టేషనులో ఆగకుండా పోయే రైలు కూత దగ్గరకు వచ్చేటప్పుడు సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది. ధ్వనిని పుట్టించేదీ వినేదీ ఒకదానికొకటి దగ్గరవుతుంటే తరంగాల సంఖ్య పెరిగినట్టు, దూరమవుతుంటే తగ్గినట్టు అనిపించే ఈ ధర్మాన్ని డాప్లర్ ప్రభావం అంటారు. రేడియో తరంగాలకూ ఇదే వర్తిస్తుంది. జీపీఎస్ ప్రధాన సంకేతం సెకనుకు 157 కోట్ల 54 లక్షల 20 వేల సార్లు కంపిస్తుంది, దాని తరంగదైర్ఘ్యం సుమారు 19 సెంటీమీటర్లు. ఉపగ్రహం సెకనుకు దాదాపు 3.9 కిలోమీటర్ల వేగంతో కదలడం వల్ల ఆ సంఖ్యలో ఐదు వేల దాకా తేడా వస్తుంది. ఉపగ్రహపు కదలిక ముందే తెలుసు కనుక పరికరం ఆ భాగాన్ని తీసివేస్తుంది. మిగిలినదానిలో తన గడియారం నడక తప్పును నాలుగో ఉపగ్రహం సాయంతో వేరు చేస్తే, అక్కడ దొరికేది పరికరాన్ని పట్టుకున్న మనిషి వేగమే. ఒక ఉపగ్రహం దిశగా గంటకు ఒక కిలోమీటరు వేగంతో కదిలితే సంకేతంలో సెకనుకు ఒకటిన్నర కంపనాల తేడా వస్తుంది; అంత చిన్న తేడాను కూడా పరికరం సులువుగా పట్టుకుంటుంది.

చోటును పాడుచేసే తప్పులు వేగాన్ని అంతగా పాడుచేయకపోవడానికి మరో కారణం ఉంది. అయనోవరణంలో ఆలస్యం ఐదు మీటర్ల తప్పు తెచ్చినా, ఈ సెకనులోనూ వచ్చే సెకనులోనూ ఆ తప్పు దాదాపు ఒకటే. మార్పును మాత్రమే కొలిచే లెక్కలో మారని తప్పు కొట్టుకుపోతుంది. అందువల్ల ఆకాశం తెరిపిగా ఉన్న చోట, నిలకడైన వేగంతో పోతున్నప్పుడు మంచి చేతి పరికరం సెకనుకు ఐదు సెంటీమీటర్ల తప్పుతో, అంటే గంటకు ఐదో వంతు కిలోమీటరు తేడాతో వేగాన్ని చెప్పగలదు. మనిషి నడక వంటి తక్కువ వేగాలలో మాత్రం ఆ తప్పు నిష్పత్తిలో పెద్దదిగా కనిపిస్తుంది, నిలిచి ఉన్నప్పుడు కూడా తెర మీద అప్పుడప్పుడు ఏదో ఒక చిన్న అంకె తచ్చాడుతుంది.

బండిలోని స్పీడోమీటరును ఈ పరికరంతో పోల్చి చూడదలచినవారికి 65వ నంబరు రహదారి మీద తిన్నగా, చదునుగా సాగే భాగాలు అనుకూలం. పరికరాన్ని ఆకాశం కనిపించేలా ముందు అద్దం దగ్గర ఉంచి, బండి నడిపేవారు వేగాన్ని 40, 60, 80 దగ్గర ఒక్కోసారి అర నిమిషం పాటు నిలకడగా ఉంచుతుంటే, పక్కన కూర్చున్నవారు రెండు అంకెలనూ రాసుకోవాలి. నడిపే మనిషే రెండు తెరలనూ చూడబోవడం ప్రమాదకరం. వేగం పెంచుతున్నప్పుడూ తగ్గిస్తున్నప్పుడూ జీపీఎస్ అంకె ఒకటి రెండు సెకన్లు వెనకబడుతుంది కనుక ఆ క్షణాల్లో తీసుకున్న అంకెలను వదిలేయాలి. వంతెనల కింద, లారీల గుంపు పక్కన వచ్చినవాటిని కూడా లెక్కలోకి తీసుకోకూడదు. జీపీఎస్ రాకముందు నుంచి ఉన్న పద్ధతి కిలోమీటరు రాళ్లది: గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఒక రాయి నుంచి మరో రాయికి 60 సెకన్లు, 80 వేగంతో 45 సెకన్లు పడుతుంది. అయితే 45 సెకన్లలో ఒక్క సెకను పొరబడినా వేగంలో రెండు శాతానికి పైగా తేడా వస్తుంది కాబట్టి ఈ విషయంలో జీపీఎస్‌దే పైచేయి.

ఇలా పోల్చినవారికి దాదాపు ఎప్పుడూ స్పీడోమీటరు అంకే ఎక్కువగా కనిపిస్తుంది; మీటరులో 80 ఉన్నప్పుడు జీపీఎస్‌లో 75 నుంచి 77 దాకా ఉండడం మామూలు విషయం. దీన్ని లోపంగా భావించి మెకానిక్ దగ్గరకు పరుగెత్తవలసిన పనిలేదు. అనేక దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 39వ నంబరు నిబంధన ప్రకారం స్పీడోమీటరు నిజమైన వేగం కన్నా తక్కువ ఎన్నడూ చూపకూడదు. ఎక్కువ చూపవచ్చు గాని ఆ ఎక్కువ నిజ వేగంలో పదో వంతుకు నాలుగు కిలోమీటర్లు కలిపినంతకు మించకూడదు. అంటే నిజంగా 80 వేగంతో పోతున్న బండిలో ముల్లు 80 నుంచి 92 మధ్య ఎక్కడ ఉన్నా నిబంధనకు లోబడినట్టే. టైర్లు అరగడం, గాలి తగ్గడం వంటివి చక్రపు చుట్టుకొలతను మారుస్తాయి కనుక తయారీదారులు ముందే కొంత అదనం పెట్టి అమరుస్తారు. మూడు వందల మిల్లీమీటర్ల వ్యాసార్ధం గల చక్రం ఆరు మిల్లీమీటర్లు అరిగితే అదే దూరానికి రెండు శాతం ఎక్కువసార్లు తిరుగుతుంది, మీటరు రెండు శాతం ఎక్కువ చూపుతుంది. అందం కోసం కంపెనీ ఇచ్చినదాని కన్నా పెద్ద టైర్లు వేయించుకున్న బండ్లలో దీనికి విరుద్ధంగా జరుగుతుంది: ముల్లు 80 దగ్గర ఉండగా బండి 84తో పోవచ్చు. నిజంగా భయపడవలసింది ఇటువంటి బండ్ల విషయంలోనే, వీటికి జీపీఎస్ పరీక్ష తప్పక చేయించుకోవాలి.

2018 ఏప్రిల్‌లో కేంద్రం నాలుగు వరసల విభజిత రహదారులపై కార్లకు గరిష్ఠ వేగాన్ని గంటకు 100 కిలోమీటర్లుగా నిర్ణయించింది. రాష్ట్రాలు, స్థానిక అధికారులు అంతకన్నా తగ్గించవచ్చు, రోడ్డు పక్క బోర్డు మీది అంకే పాటించవలసిన హద్దు. మీటరులోని అదనాన్ని కనుక్కున్న ధైర్యంతో ఆ మేరకు వేగం పెంచడం ఈ పరీక్షకు ఎంతమాత్రం తగిన ఫలితం కాదు. ప్రయాణించిన దూరం విషయంలో కూడా జాగ్రత్త అవసరం. పరికరం బిందువులను గీతలతో కలిపి దూరాన్ని కూడుతుంది. బిందువుల మధ్య ఎడం ఎక్కువైతే మైలవరం నుంచి తిరువూరు వైపు పోయే దారి మలుపులను అడ్డంగా కోసి తక్కువ చూపుతుంది, చెట్టు కింద ఆగి ఉన్నప్పుడు అటూ ఇటూ ఊగే చోటును నడకగా భావించి ఎక్కువ చూపుతుంది.

ఎత్తు విషయంలో పరికరం బలహీనత స్పష్టంగా బయటపడుతుంది. ఉపగ్రహాలన్నీ తల పైనే ఉంటాయి, కాళ్ల కింద ఒక్కటీ ఉండదు కనుక నిలువు దిశలో తప్పు అడ్డం దిశ కన్నా ఒకటిన్నర రెట్లో, రెండు రెట్లో ఉంటుంది. పైగా జీపీఎస్ కొలిచేది గణిత గోళం నుంచి ఎత్తును. భూమ్యాకర్షణలోని హెచ్చుతగ్గుల వల్ల మన ప్రాంతంలో సముద్ర మట్టం ఆ గోళం కన్నా 70 మీటర్లకు పైగా దిగువన ఉంది. పరికరం లోపల ఉన్న పట్టిక సాయంతో దీన్ని సరిదిద్దకపోతే విజయవాడ సముద్రం అడుగున ఉన్నట్టు తేలుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద 65వ నంబరు రహదారిని ముంచినప్పటి నీటి మట్టపు గుర్తులను నమోదు చేసుకోవాలనుకునే గ్రామస్థులు ఈ సంగతి గమనించాలి. గోడ మీది గుర్తు ఎక్కడ ఉందో చేతి పరికరం చెప్పగలదు గాని దాని ఎత్తును లెవెలింగ్ పరికరంతోనే కొలవాలి, ఎందుకంటే వరద విషయంలో అర మీటరు తేడా అంటే ఇంట్లోకి నీరు రావడానికీ రాకపోవడానికీ ఉన్న తేడా.

కచ్చితత్వాన్ని పెంచే సొంత ఏర్పాట్లు మన దేశానికి కూడా ఉన్నాయి. విమానాల కోసం ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి నిర్మించిన గగన్ వ్యవస్థ జీశాట్ 8, 10, 15 ఉపగ్రహాల ద్వారా జీపీఎస్ తప్పుల సవరణలను ప్రసారం చేస్తుంది. ఆ సదుపాయం ఉన్న చేతి పరికరాలు దాన్ని ఉచితంగా వాడుకోగలవు. 2013 జులై 1న శ్రీహరికోట నుంచి తొలి ఉపగ్రహంతో మొదలైన నావిక్ మన ప్రాంతానికి ప్రత్యేకించినది. 2023 మే 29న ప్రయోగించిన ఎన్‌వీఎస్ 01 నుంచి మామూలు పరికరాలు అందుకోగల పౌనఃపున్యంలో కూడా దాని ప్రసారం మొదలైంది. పాత పరికరం కొనేవారు మరో సంగతి చూసుకోవాలి: జీపీఎస్ వారాలను 1,024 దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నాకు వస్తుంది, ఇలా 2019 ఏప్రిల్ 6 అర్ధరాత్రి రెండోసారి జరిగింది. సాఫ్ట్‌వేరు మార్చని పాత పరికరాల్లో కొన్ని అప్పటి నుంచి ఇరవై ఏళ్ల నాటి తేదీ చూపుతున్నాయి.

ఇక మిగిలింది పొలం హద్దు. 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో ప్రారంభమైన రీసర్వే, ఆంగ్లేయుల కాలం తర్వాత సుమారు వందేళ్లకు జరిగిన తొలి సమగ్ర భూమి కొలత. అందులో సర్వేయర్ల చేతిలో కనిపించిన కర్రకు బిగించిన రోవరు కూడా అవే ఉపగ్రహాల సంకేతాలనే అందుకుంటుంది గాని అది పనిచేసే తీరు వేరు. కచ్చితంగా చోటు తెలిసిన స్థిరమైన కేంద్రాలు, కార్స్ స్టేషన్లు అని పిలిచేవి, రాత్రింబగళ్లు ఉపగ్రహాలను గమనిస్తూ ఆ క్షణంలో సంకేతాల్లో ఉన్న తప్పు ఎంతో రోవరుకు పంపుతాయి. రోవరు 19 సెంటీమీటర్ల తరంగాన్ని భాగాలుగా లెక్కపెట్టి సెంటీమీటర్ల కచ్చితత్వంతో చోటును నిర్ణయిస్తుంది. చేతి జీపీఎస్‌కో, ఫోనుకో ఈ రెండూ లేవు. వాటితో హద్దు చూసుకుంటే ఏమవుతుందో సెంట్లలో చెబితే రైతుకు తేలికగా అర్థమవుతుంది. చదరంగా ఉన్న ఎకరం చెక్కకు ఒక్కో వైపు దాదాపు 63.6 మీటర్లు; ఒక గట్టు మూడు మీటర్లు జరిగితే 190 చదరపు మీటర్ల నేల, అంటే నాలుగున్నర సెంట్లకు పైగా చేయి మారుతుంది. ఐదు మీటర్లు జరిగితే దాదాపు ఎనిమిది సెంట్లు. గట్టు తగాదాలో ఫోనులోని పటాన్ని సాక్ష్యంగా చూపే అలవాటు మెట్ట గ్రామాల్లో పెరుగుతోంది. ఆ పటంలో నీలి చుక్క చుట్టూ లేత రంగులో కనిపించే వలయం ఆ పరికరం తన తప్పు ఎంత ఉండవచ్చునో తానే ఒప్పుకుంటూ గీసినది. పొలం గట్టు ఆ వలయం లోపల ఎక్కడైనా ఉండవచ్చు. అది ఎక్కడ ఉందో తేల్చవలసి వస్తే గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెట్టి, ఇరుగుపొరుగు రైతులకు నోటీసు వెళ్లాక, వారందరి ఎదుట సర్వేయరు చేత రోవరుతో కొలిపించి రాయి పాతించుకోవాలి.